థ్యాంక్స్‌గివింగ్ గురువారానికీ అడ్వెంట్ ఆదివారానికీ మధ్య చర్చిలో ఏం జరుగుతుంది?

నవంబర్ మూడో వారం దాటిందంటే అమెరికాలో చాలా చర్చిల ఫెలోషిప్ హాల్లో ఒకేసారి రెండు పనులు నడుస్తుంటాయి. ఒక పక్క పొడవాటి బల్లల మీద గ్రీన్ బీన్స్ డబ్బాలు, మొక్కజొన్న డబ్బాలు, క్రాన్‌బెర్రీ సాస్, స్టఫింగ్ ప్యాకెట్లు పేర్చుకుని అట్టపెట్టెల్లో సర్దుతుంటారు. ఇంకో పక్క ఎవరో నిచ్చెనెక్కి స్టోర్‌రూమ్ పై అరలోంచి ఊదా రంగు గుడ్డలు, కొవ్వొత్తులు గుచ్చే ఇత్తడి చట్రం దించుతుంటారు. దానికి నిరుడు కారిన మైనం ఇంకా అంటుకునే ఉంటుంది, మొద్దు కత్తితో దాన్ని గీకి శుభ్రం చేయడం ఏటా ఎవరో ఒకరి వంతు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదంతా ఒకటే హడావిడిలా, క్రిస్మస్ కాస్త ముందే మొదలైపోయినట్టు కనిపిస్తుంది. కానీ ఆ తిండి పెట్టెలు థ్యాంక్స్‌గివింగ్‌వి, అంటే నవంబర్ చివర్లో వచ్చే కృతజ్ఞతా పండుగవి, ఊదా గుడ్డలు అడ్వెంట్‌వి, అంటే క్రిస్మస్‌కి ముందు ఎదురుచూసే నాలుగు ఆదివారాలవి. ఇవి రెండు వేర్వేరు ఇళ్ళ నుంచి వచ్చిన ఆచారాలు, ఒకప్పుడు ఒక ఇంటివాళ్ళు ఇంకొకరి గడప తొక్కేవాళ్ళు కాదు.

కొన్నేళ్ళుగా మా చర్చిలో ఫుడ్ ప్యాంట్రీ (అవసరమున్నవాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోటు) పనిలోనూ ఆరాధన కమిటీలోనూ ఉంటున్నాను కాబట్టి ఈ రోజుల్లో మనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. థ్యాంక్స్‌గివింగ్ దేవుడి పండుగా, దేశం పండుగా? అడ్వెంట్ అంటే క్రిస్మసే కదా, మరి డిసెంబర్ వచ్చేసినా క్రిస్మస్ పాటలు పాడనివ్వరేం? మా ఫ్రెండ్ వాళ్ళ చర్చిలో కొవ్వొత్తులే లేవు, వాళ్ళు తప్పా, మీరు తప్పా? ఎవరూ తప్పు కాదు, అయితే ఎందుకు కాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1620లో ఇంగ్లండ్ నుంచి వచ్చి ఇప్పటి మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో దిగిన పిల్‌గ్రిమ్‌లనే ప్రొటెస్టెంట్ వలసవాళ్ళకి, ఆ తర్వాత మసాచుసెట్స్ బే కాలనీకి వచ్చిన ప్యూరిటన్‌లకి, చర్చి క్యాలెండర్ అంటేనే గిట్టేది కాదు. బైబిల్లో చెప్పిన పవిత్ర దినం ఆదివారం ఒక్కటే, క్రిస్మస్ గానీ అడ్వెంట్ గానీ మనుషులు కల్పించుకున్నవి అని వాళ్ళ నమ్మకం. 1621 క్రిస్మస్ నాడు ప్లిమత్ గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్ అందర్నీ మామూలుగానే పనికి పిలిచాడు. అప్పుడే ఓడ దిగిన కొత్తవాళ్ళు కొందరు ఈ రోజు పని చేయడానికి మా మనస్సాక్షి ఒప్పుకోదు అన్నారు, సరేనని వదిలేశాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వాళ్ళు వీధిలో ఆటలాడుతున్నారు. ఆయన ఆట సామాన్లు లాగేసుకుని, మిగతావాళ్ళు కష్టపడుతుంటే మీరు ఆడుకోవడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు, భక్తి కోసమైతే ఇళ్ళల్లో ఉండండి అన్నాడట. ఇది ఆయనే రాసుకున్న సంగతి. 1659 నుంచి 1681 దాకా మసాచుసెట్స్‌లో క్రిస్మస్ జరుపుకుంటే 5 షిల్లింగుల జరిమానా కూడా ఉండేది.

క్యాలెండర్ పండుగల్ని వద్దనుకున్న ఆ మనుషులే సందర్భాన్ని బట్టి రోజులు ప్రకటించుకునేవాళ్ళు. కరువొస్తే ఉపవాస దినం, వాన పడితే కృతజ్ఞతా దినం. ఆ కృతజ్ఞతా దినం అంటే ప్రార్థనా మందిరంలో గంటల తరబడి ప్రసంగం, ప్రార్థన, ఆ తర్వాతే భోజనం. 1621 శరదృతువులో వాంపనోగ్ అనే ఆదివాసీ తెగ నాయకుడు మాసాసోయిట్ సుమారు 90 మందితో వచ్చి, 5 జింకల్ని వేటాడి తెచ్చి, 3 రోజులు కలిసి తిన్న ఆ విందుని అప్పట్లో వాళ్ళు కృతజ్ఞతా దినం అనుకుని ఉండరు, అది వాళ్ళ లెక్కలో పంట చేతికొచ్చిన సంబరం. ప్లిమత్‌లో ప్రార్థనతో కూడిన అసలు కృతజ్ఞతా దినం 1623లో, కరువు తర్వాత వాన కురిసినప్పుడు జరిగింది. ఆ 1621 విందు తర్వాతి దశాబ్దాల్లో వాంపనోగ్ ప్రజలు తమ నేలనీ ఎందరో మనుషుల్నీ పోగొట్టుకున్నారని కూడా ఇక్కడే చెప్పాలి. 1970 నుంచి అదే ప్లిమత్‌లో, అదే గురువారం నాడు, ఆదివాసీ ప్రజలు జాతీయ సంతాప దినం పాటిస్తున్నారు. ఇప్పుడు చాలా చర్చిల్లో ఆ వారం ప్రార్థనలో ఆ మాట కూడా వినిపిస్తోంది. నాకైతే అది వినిపించాల్సిందే అనిపిస్తుంది, నిజాన్ని పక్కన పెట్టి దేవుడికి కృతజ్ఞత చెప్పలేం.

న్యూ ఇంగ్లండ్‌లో ఈ కృతజ్ఞతా దినమే ఏడాదిలో పెద్ద పండుగగా స్థిరపడింది, క్రిస్మస్ మామూలు పనిదినంగా ఉండిపోయింది. 1789లో జార్జ్ వాషింగ్టన్ నవంబర్ 26, గురువారాన్ని కృతజ్ఞతా దినంగా ప్రకటించారు. తర్వాత సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ళ తరబడి దీన్ని జాతీయ దినం చేయమని ఉత్తరాలు రాస్తూ వచ్చారు. చివరికి 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, గెటిస్‌బర్గ్ యుద్ధం జరిగిన కొన్ని నెలలకే, అబ్రహాం లింకన్ నవంబర్ చివరి గురువారాన్ని ప్రకటించారు. అంటే ఇది పీఠం మీది నుంచి బిషప్ ప్రకటించిన పండుగ కాదు, ప్రభుత్వం ప్రకటించింది. కాకపోతే చర్చిలు దాన్ని తమలో కలుపుకున్నాయి. అమెరికా క్యాథలిక్‌ల పూజా గ్రంథంలోనూ ఎపిస్కోపల్ చర్చి ప్రార్థనా గ్రంథంలోనూ ఆ రోజుకి ప్రత్యేక ప్రార్థనలు ఉన్నాయి, అయితే క్యాథలిక్‌లకి ఆ రోజు మాస్‌కి వెళ్ళి తీరాలన్న నియమం లేదు.

ఇక అడ్వెంట్. లాటిన్‌లో అడ్వెంటుస్ అంటే రావడం. తెలుగులో ఆగమన కాలం అంటున్నాం గానీ, నన్నడిగితే దానికి అంతకన్నా సూటిగా సరిపోయే మాట మన సంఘాల్లో ఎప్పట్నుంచో ఉంది: రాకడ. ప్రభువు రాకడ అనగానే మన విశ్వాసులకి ముందు తట్టేది రెండవ రాకడ, బెత్లెహేము పశువుల తొట్టి కాదు. అడ్వెంట్ మొదటి ఆదివారం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. క్రీస్తు శకం 4, 5 శతాబ్దాల నాటి నుంచి పశ్చిమ దేశాల సంఘాల్లో క్రిస్మస్‌కి ముందు సిద్ధపాటు కాలం ఒకటి పెరుగుతూ వచ్చింది. 6వ శతాబ్దంలో, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న మాకాన్‌లో జరిగిన సభ, నవంబర్ 11 నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండమని చెప్పింది. తర్వాత రోమ్‌లో నాలుగు ఆదివారాల పద్ధతి నిలబడింది. విందుకి ముందు ఆకలి, వెలుగుకి ముందు చీకటి అన్నమాట.

కాబట్టి కడుపునిండా తిన్న గురువారం ఒక ఇంటిది, కడుపు మాడ్చుకుని ఎదురుచూసే ఆదివారం ఇంకో ఇంటిది, చర్చి మెట్ల మీద రెండూ మూడు రోజుల తేడాతో కలుస్తాయి. మీకు అనిపించే తికమకంతా అక్కడిదే.

మూడు రోజులు అన్నాను గానీ ప్రతి ఏడూ అలా ఉండదు, ఈ లెక్క ఒకసారి అర్థమైతే చర్చి క్యాలెండర్ మీద సగం గందరగోళం పోతుంది. థ్యాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం, అంటే 22 నుంచి 28 మధ్య ఎప్పుడైనా రావచ్చు. అడ్వెంట్ మొదటి ఆదివారం నవంబర్ 30కి దగ్గరగా ఉండే ఆదివారం, అంటే నవంబర్ 27 నుంచి డిసెంబర్ 3 మధ్య. ఆ గురువారం 24 నుంచి 28 లోపు పడితే వచ్చే ఆదివారమే అడ్వెంట్. 2025లో 27న థ్యాంక్స్‌గివింగ్, 30న అడ్వెంట్, 2026లో 26న, 29న. కానీ గురువారం 22న గానీ 23న గానీ పడితే మధ్యలో ఒక వారం ఖాళీ వస్తుంది. 2023లో అలాగే వచ్చింది, మళ్ళీ 2028లో, 2029లో వస్తుంది. ఆ మధ్య ఆదివారం చర్చి సంవత్సరంలో ఆఖరి ఆదివారం, క్రీస్తు రాజు ఆదివారం. 1925లో పోప్ 11వ పయస్ పెట్టిన పండుగ అది, మొదట్లో అక్టోబర్ చివర్లో ఉండేది, 1969 సంస్కరణల్లో ఇక్కడికి మార్చారు, తర్వాత చాలా ప్రొటెస్టెంట్ సంఘాలూ తీసుకున్నాయి.

నాలుగో గురువారం అన్నది కూడా ఊరికే వచ్చింది కాదు. 1939 నవంబర్‌లో ఐదు గురువారాలు వచ్చాయి, చివరిది 30న. షాపింగ్ రోజులు తగ్గిపోతాయని వ్యాపారులు మొత్తుకుంటే అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పండుగని ఒక వారం ముందుకి జరిపారు. దాదాపు సగం రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, మిగతా సగం ఒప్పుకోలేదు, ఫ్రాంక్స్‌గివింగ్ అని జనం దానికి పేరు పెట్టారు. చివరికి 1941 డిసెంబర్‌లో నాలుగో గురువారం అని చట్టం వచ్చింది. ఎదురుచూడమని చర్చి చెప్పే ఆ రోజుల్లోనే త్వరగా కొనమని బజారు పిలుస్తుంటుంది. ఆ లాగుడు అంత పాతది.

పాటల గొడవకి వద్దాం, ఎందుకంటే ఆరాధన కమిటీలో ఏటా టెన్షన్ పెట్టేది ఇదే. థ్యాంక్స్‌గివింగ్ మర్నాటి నుంచి కారులో, షాపుల్లో, ఫోన్లో క్రిస్మస్ పాటలే, చర్చికొస్తే మాత్రం నెమ్మదిగా, కొంచెం దిగులుగా ఉండే అడ్వెంట్ పాటలు. పాఠాలు చూస్తే సంగతి తెలుస్తుంది. లూథరన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, ఎపిస్కోపల్ లాంటి సంఘాల్లో చాలామటుకు ఏ ఆదివారం ఏ బైబిల్ భాగం చదవాలో చెప్పే ఉమ్మడి పాఠాల పట్టికని పాటిస్తాయి, అది మూడేళ్ళ చక్రం, మొదటి ఏడాది మత్తయి, తర్వాత మార్కు, తర్వాత లూకా. కొత్త ఏడాది అడ్వెంట్‌తో మొదలవుతుంది. మూడింటిలోనూ మొదటి ఆదివారం సువార్త పాఠం లోకాంతం గురించే, మెలకువగా ఉండండి అనే. రెండో ఆదివారం అరణ్యంలో బాప్తిస్మమిచ్చు యోహాను కేకలు. మూడో ఆదివారం మళ్ళీ ఆయనే. నాలుగో ఆదివారం గానీ మరియ, యోసేపు కనిపించరు. ఈ క్రమంలో మొదటి వారమే పశువుల పాకలో శిశువు పాట పాడితే, కథ చివరి పేజీ ముందే చదివేసినట్టుంటుంది.

అలాగని నేను కఠినంగా ఉండమనను. ఒక ఏడాది అడ్వెంట్ రెండో వారంలో ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చి, మా ఆయన పోయిన తర్వాత నేను గట్టిగా పాడగలిగేవి ఆ నాలుగు క్రిస్మస్ పాటలే, వాటిని ఒక్క రాత్రికే దాచిపెడితే ఎలా అని అడిగింది. అప్పట్నుంచి మా చర్చిలో ఆరాధన అయిపోయాక కాఫీ దగ్గర పియానో చుట్టూ నిలబడి ఎవరికి ఏది కావాలంటే అది పాడుకుంటున్నారు. ఆరాధనలో మాత్రం క్రమం అలాగే ఉంది.

ఆ ఇత్తడి చట్రం సంగతి. దానికి ఆకులు చుట్టి అడ్వెంట్ వలయం చేస్తాం, ఆదివారానికి ఒక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తాం. చాలామంది ఆ ఆకుల వలయాన్ని ప్రాచీన సంఘం నాటిది అనుకుంటారు, దాని వయసు రెండొందల ఏళ్ళు కూడా లేదు. హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ పాస్టర్ పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవారు. క్రిస్మస్ ఎప్పుడు, ఇంకా ఎన్ని రోజులు అని పిల్లలు ప్రాణం తీస్తుంటే, 1839లో ఒక బండి చక్రం తీసుకుని దానిమీద మామూలు రోజులకి చిన్న ఎర్ర కొవ్వొత్తులు, నాలుగు ఆదివారాలకి నాలుగు పెద్ద తెల్లవి పెట్టి, రోజుకొకటి వెలిగించడం మొదలుపెట్టారు. అది ఇళ్ళల్లోకి వచ్చేసరికి నాలుగుకి తగ్గింది, సముద్రం దాటి అమెరికా వచ్చేసరికి ఊదా రంగు పులుముకుంది. ఇప్పుడు మామూలుగా మూడు ఊదా, ఒకటి గులాబీ. గులాబీది మూడో ఆదివారానిది, ఆ రోజుకి లాటిన్‌లో ఉన్న పేరుకి ఆనందించుడి అని అర్థం, ఫిలిప్పీయులకు పౌలు రాసిన మాట. నిరీక్షణ, సమాధానం, ఆనందం, ప్రేమ అని పేర్లు చెప్తారు గానీ ఆ వరస కూడా చర్చిని బట్టి మారుతుంది. చాలా లూథరన్, ఎపిస్కోపల్ చర్చిల్లో ఊదాకి బదులు నీలం వాడతారు, ఈస్టర్‌కి ముందొచ్చే లెంటు దినాల పశ్చాత్తాపంతో కలిసిపోకుండా ఎదురుచూపు వేరుగా కనిపించాలని.

కొవ్వొత్తులు లేని చర్చిల గురించి. చాలా బాప్టిస్ట్ సంఘాల్లో, స్వతంత్ర సంఘాల్లో పాఠాల పట్టిక ఉండదు, అడ్వెంట్ పాటించాలన్న నియమం లేదు, ఈమధ్య వాటిల్లోనూ చాలాచోట్ల కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. దక్షిణ బాప్టిస్ట్‌లకి డిసెంబర్ అంటే ముందు గుర్తొచ్చేది లాటీ మూన్ కానుక. ఆవిడ చైనాలో దాదాపు 40 ఏళ్ళు మిషనరీగా పనిచేసి 1912 క్రిస్మస్ ముందు రోజు చనిపోయారు. విదేశీ పరిచర్య కోసం తీసే ఆ కానుక 1888లో మొదలైంది, 1918లో ఆవిడ పేరు పెట్టారు. సెవెన్త్ డే అడ్వెంటిస్ట్ అన్న పేరు చూసి వాళ్ళకి ఈ కాలం మరీ ముఖ్యమేమో అనుకునేవాళ్ళున్నారు, ఆ పేరులోని అడ్వెంట్ రెండవ రాకడ. ఆర్థడాక్స్‌ల సంగతి మరీ ఆసక్తిగా ఉంటుంది. వాళ్ళకి క్రిస్మస్ ముందు 40 రోజుల ఉపవాసం, నవంబర్ 15న మొదలు, మాంసం ముట్టరు. అంటే టర్కీ కోడిని కోసే థ్యాంక్స్‌గివింగ్ గురువారం సరిగ్గా ఉపవాసం మధ్యలో పడుతుంది, అందుకని అమెరికాలో చాలామంది బిషప్‌లు ఆ ఒక్కరోజుకి సడలింపు ఇస్తారు. 13 రోజులు వెనక నడిచే పాత జూలియన్ క్యాలెండర్ పాటించేవాళ్ళకి ఉపవాసం మన లెక్కలో నవంబర్ 28న మొదలవుతుంది కాబట్టి చాలా ఏళ్ళు ఆ ఇబ్బందే రాదు.

ఇప్పుడు నాకు బాగా దగ్గరైన విషయం, తిండి పెట్టెలు. థ్యాంక్స్‌గివింగ్ ముందు వారం జనం ఉదారంగా తెచ్చిస్తారు, ఆ ప్రేమలో నాకెప్పుడూ అనుమానం లేదు. కానీ మంచి మనసు ఒక్కటే చాలదు, లెక్క కూడా కావాలి. గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగాలంటే ప్రతి 4, 5 పౌండ్లకి ఒక రోజు పడుతుంది. 16 పౌండ్ల టర్కీని మంగళవారం సాయంత్రం ఒక కుటుంబం చేతిలో పెడితే గురువారానికి అది లోపల రాయిలాగే ఉంటుంది. ఒక ఏడాది మేం అచ్చంగా అదే చేశాం. చన్నీళ్ళలో పెట్టి అరగంటకోసారి నీళ్ళు మారుస్తూ ఉంటే 8 గంటల్లో అవుతుందని ఫోన్లో చెప్పాల్సి వచ్చింది, అవతలి తల్లికి ఆ రోజు రాత్రి షిఫ్ట్ ఉంది. అప్పట్నుంచి వారం ముందు శనివారమే ఇచ్చేస్తున్నాం. మోటెల్ గదిలో ఉండేవాళ్ళకి ఓవెన్ ఉండదు, ఫ్రిజ్ ఉన్నా చిన్నది, వాళ్ళకి టర్కీకి బదులు కిరాణా షాపు గిఫ్ట్ కార్డు ఇస్తున్నాం. డబ్బాలతో పాటు డబ్బా ఓపెనర్ కూడా పెడుతున్నాం, ఈ ఆలోచన మాకు ఇచ్చింది సాయం తీసుకోవడానికి వచ్చిన ఒకాయనే.

డబ్బా మీద తేదీ దాటిందని అంతా పారేయక్కర్లేదు, ఆ తేదీ చాలావరకు రుచి, నాణ్యత గురించి వేసేది. పసిపిల్లల పాలపొడి డబ్బా తేదీ మాత్రం ఖచ్చితంగా చూడాలి, కేంద్ర ప్రభుత్వ నియమం ప్రకారం తేదీ తప్పనిసరిగా వేయాల్సింది దానికే. ఉబ్బిన డబ్బా, అంచు మీద లోతుగా సొట్టపడిన డబ్బా ఏ తేదీ ఉన్నా తీసేయాలి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. థ్యాంక్స్‌గివింగ్ ముందు శనివారం మా ప్యాంట్రీలో పని చేయడానికి జనం ఎక్కువై కొందర్ని వెనక్కి పంపుతాం, జనవరి రెండో శనివారం నలుగురం ఉంటాం, అరలు బోసిగా ఉంటాయి, క్యూ మాత్రం అంతే ఉంటుంది. క్రిస్మస్ ఖర్చు, చలికాలం హీటింగ్ బిల్లు రెండూ కలిసి మీద పడేది అప్పుడే. అందుకే మేము అడ్వెంట్‌ని తిరగేసి వాడడం మొదలుపెట్టాం. అడ్వెంట్ క్యాలెండర్‌లో పిల్లలు రోజుకో చిన్న తలుపు తెరిచి చాక్లెట్ తీసుకుంటారు కదా, దానికి ఎదురు, ఇంట్లో ఒక అట్టపెట్టె పెట్టి రోజుకో వస్తువు అందులో వేయడం. ఓట్స్, వంటనూనె, డైపర్లు, సబ్బు, బియ్యం. క్రిస్మస్ అయ్యాక ఆ పెట్టెలు తెస్తే జనవరి గడుస్తుంది. గురువారం చెప్పిన కృతజ్ఞత ఈ పెట్టెలో రోజూ కాస్త కాస్త నిండుతుంది. అడ్వెంట్, థ్యాంక్స్‌గివింగ్ రెండూ ఒకదానికొకటి అవసరమని నాకు అర్థమైంది ఇక్కడే.

మిగతా సేవలు ఒక్కొక్కటి ఒక్కో తీరు. కాగితపు దేవదూతల చెట్టు చూసే ఉంటారు, 1979లో వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు మొదలుపెట్టారు. ఒక్కో కాగితం మీద ఒక పిల్లవాడి వయసు, షర్టు సైజు, ఒక కోరిక ఉంటాయి, పూర్తి పేరు ఉండదు, ఆ కాగితం తీసుకెళ్ళి అందులో రాసినవి కొని తేవాలి. దయచేసి ఆ కాగితం పర్సులో పెట్టుకుని మర్చిపోకండి. ప్రతి కాగితానికీ ఒక నంబర్ ఉంటుంది, మీరు తేకపోతే పంచే రోజు ఆ నంబర్ గల సంచీ ఖాళీగా మిగులుతుంది, ఆఖరి రాత్రి ఎవరో పరుగెత్తి కొనాల్సి వస్తుంది. చెప్పుల పెట్టెల్లో బొమ్మలు సర్ది విదేశాల పిల్లలకి పంపే సమారిటన్స్ పర్స్ వాళ్ళ కార్యక్రమం నవంబర్ మూడో వారంలోనే ముగుస్తుంది, డిసెంబర్‌లో తెస్తే ఆలస్యమైనట్టే. అందులో చాక్లెట్లు, టూత్‌పేస్ట్, ద్రవాలు పెట్టకూడదు. అమెరికా క్యాథలిక్ చర్చిల్లో పేదరికం మూలాల మీద పనిచేసే సంస్థల కోసం ప్రత్యేక కానుక 1970 నుంచి చాలామటుకు థ్యాంక్స్‌గివింగ్ ముందు ఆదివారాల్లోనే తీస్తున్నారు.

డబ్బు మాట కూడా చెప్పుకుందాం, దీని గురించి అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. అక్టోబర్, నవంబర్‌లలో ప్లెడ్జ్ కార్డు చేతికిస్తారు, వచ్చే ఏడాది ఎంత ఇవ్వగలరో రాయమని. అది అప్పు పత్రం కాదు. చాలా చర్చిల బడ్జెట్ జనవరిలో మొదలవుతుంది, పాస్టర్ జీతం, కరెంటు, పిల్లల తరగతులు ఎలా నడపాలో లెక్కేసుకోవడానికి అడుగుతారు. ఉద్యోగం పోతే ఆఫీసుకి ఒక మాట చెప్తే సరిపోతుంది. ఏడాది పన్ను లెక్కలో చూపించుకోవాలంటే డిసెంబర్ 31 లోపు ఇవ్వాలి, చెక్కు పోస్టులో పంపితే పంపిన తేదీ లెక్క. ఒకే కానుక 250 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఉంటే చర్చి నుంచి రాతపూర్వకమైన రసీదు ఉండాలి.

థ్యాంక్స్‌గివింగ్ ముందు మంగళవారమో బుధవారమో ఊళ్ళో చర్చిలు కలిసి చేసే ఆరాధనకి వెళ్ళమని నేను అందరికీ చెప్తాను. కొన్నిచోట్ల యూదుల సినగాగ్, మసీదు కూడా కలుస్తాయి. ఏడాదంతా వేరు వేరు తలుపుల వెనక ఉన్నవాళ్ళు ఒక గంట ఒకేచోట కూర్చోగలిగేది, ఇది ఏ ఒక్క సంఘం పండుగా కాకపోవడం వల్లే. ఆ కాలంలో చదివే పాఠాల్లో పదిమంది కుష్ఠరోగుల కథ ఒకటి. పదిమందీ బాగయ్యారు, తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడు, వాడు పరాయి దేశస్థుడు. వలస వచ్చి ఈ బల్లల మీద కూర్చున్న మనకి ఆ వాక్యం వేరేగా వినిపిస్తుంది.

వలసవాళ్ళు అడ్వెంట్‌కి తెచ్చింది కూడా తక్కువేం కాదు. డిసెంబర్ 12న గ్వాడలూపే మాత పండుగకి మెక్సికన్ కుటుంబాలు తెల్లవారకముందే గులాబీలతో చర్చికొస్తాయి. 16 నుంచి తొమ్మిది రాత్రులు పొసాడాస్, మరియ యోసేపులు చోటు వెతుక్కున్నట్టు ఇంటింటి తలుపు తడుతూ పాడతారు. అవే తేదీల్లో ఫిలిప్పీన్స్ కుటుంబాల సింబాంగ్ గాబి పూజలు. నార్త్ కరోలినాలోని విన్‌స్టన్ సేలం వైపు మొరేవియన్ సంఘాల్లో అందరూ బల్లల మీదే కూర్చుని తీపి బన్ను, కాఫీ పంచుకుంటారు, దాన్ని లవ్‌ఫీస్ట్ అంటారు, చివర్లో ఎర్ర కాగితం కుచ్చు చుట్టిన మైనపు వత్తి అందరి చేతుల్లో వెలుగుతుంది.

సంతోషంగా ఉండలేనివాళ్ళకి కూడా చోటుంది, అది తెలియక చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. ఏడాదిలో అతి పొడవైన రాత్రి, డిసెంబర్ 21 చుట్టుపక్కల, చాలా చర్చిల్లో బ్లూ క్రిస్మస్ ఆరాధన పెడతారు. ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, విడాకులైనవాళ్ళు, కడుపు పోయిన తల్లులు, వీసా చిక్కుల్లో ఇంటికి వెళ్ళలేక అంత్యక్రియలు ఫోన్లో చూసినవాళ్ళు. పెద్దగా పాటలుండవు, మౌనం ఎక్కువ. ఎవరి పేరైనా చెప్పి కొవ్వొత్తి వెలిగించవచ్చు, చెప్పకుండానూ వెలిగించవచ్చు. వేదిక చుట్టూ పెట్టే ఎర్రటి పాయిన్‌సెట్టియా మొక్కలు కూడా అలాంటివే, థ్యాంక్స్‌గివింగ్ వారంలో ఒక ఫారం ఇస్తారు, ఒక మొక్క ఎవరి జ్ఞాపకార్థమో రాయమని. క్రిస్మస్ ముందు రాత్రి బులెటిన్‌లో ఆ పేర్లన్నీ ఉంటాయి. ఇంటి నుంచి కదల్లేని పెద్దవాళ్ళకి తర్వాత ఆ మొక్కలు వెళ్తాయి.

నవంబర్ 23న థ్యాంక్స్‌గివింగ్ పడిన ఏడు ఇంకో సంగతి జరుగుతుంది. అడ్వెంట్ డిసెంబర్ 3న మొదలై 22 రోజులకే అయిపోతుంది, నాలుగో ఆదివారం, క్రిస్మస్ ముందు రోజు ఒకటే అవుతాయి. 2023లో ఆ రోజు నేను చర్చిలోనే ఉన్నాను. పొద్దున్న ఆరాధనలో ఊదా గుడ్డలు, నాలుగో కొవ్వొత్తి, దేవదూత మాటకి మరియ సరేనన్న పాఠం. జనం పల్చగా ఉన్నారు, చాలామంది సాయంత్రమే వద్దామనుకున్నారు. పన్నెండు దాటగానే బలిపీఠం పని చూసే నలుగురు ఆడవాళ్ళు ఊదా గుడ్డలు మడిచి పెట్టెలో పెట్టారు, తెల్లవి ఇస్త్రీ చేశారు, మొక్కలన్నీ మోసుకొచ్చి మెట్ల మీద సర్దారు, మధ్యలో పెద్ద తెల్ల కొవ్వొత్తి నిలబెట్టారు. ఒకావిడ నాలుగో కొవ్వొత్తిని తాకి చూసి, ఇది గంట కూడా కాలలేదు పాపం అంది. మూడున్నరకే పార్కింగ్ నిండిపోయింది, నాలుగింటికి పియానో మీద ఆ నాలుగు పాటల్లో మొదటిది మొదలైంది, మూడో వరసలో ఆ పెద్దావిడ పుస్తకం తెరవకుండానే పాడుతోంది.